పదకొండో సూది

బీపీ చూడటం అయ్యాక పులివెందుల డాక్టరు నా చేతికి చుట్టిన పట్టీని చర్రుమని లాగేశాడు. "బాగుంది, భయం లేదు" అన్నాడు. ఊరటగానే ఉంది కానీ, చెవిలో నిలిచిపోయింది మాత్రం ఆ చప్పుడు. చాలా ఏళ్ళ కిందట ఒక ఉదయం, జమ్మలమడుగు దగ్గర, నాలుగు సీట్ల విమానంలో ముందురోజే పరిచిన కొత్త కార్పెట్టును దస్తగిరి మామ తన చేత్తోనే అలా చర్రుమని లేపేశాడు. విమానం ఇంకో గంటలో ఎగరాలి. పని పూర్తయిందని ఆ రోజు పేపర్లో వచ్చింది. రాసింది నేనే.

దస్తగిరి మామ ప్రొద్దుటూరులో కార్లకు సీట్లు కుట్టేవాడు. ఆయన అంగడి మిద్దెపైన ఒక గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. విలేకరి పనికి కొత్త. వరసేమీ లేకపోయినా ఆయనకు నేను అల్లుణ్ణి. ఆయన దగ్గర పదకొండు వంకర సూదులుండేవి. ఎర్రగుడ్డకు వరుసగా గుచ్చిపెట్టుకునేవాడు. సాయంత్రం వాటిని లెక్క చూసుకోనిదే చేతులు కడుక్కునేవాడు కాదు. "సీట్లో సూది మరిచిపోతే కూర్చున్నోడే చెప్తాడు అల్లుడా. ఆయప్ప కంటే ముందు మనకు తెల్సాల" అనేవాడు.

జమ్మలమడుగు వైపు నాపరాయి గనులున్న ఒక యజమాని ఆ పాత విమానాన్ని కొన్నాడు. గనికి కొంత దూరంలో చిన్న రన్‌వే, పక్కన రేకుల షెడ్డు. విమానంలో కార్పెట్టు అరిగిపోయి, పైలట్ మడమ ఆనేచోట చిరిగింది. దాని కింది నేల పలకలు రెండు తేమకు మెత్తబడ్డాయి. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు ఆ రెండూ మార్చాడు. తేలిగ్గా నిప్పంటుకోని కార్పెట్టు కూడా ఆయనే తెచ్చాడు. కొలతకు కత్తిరించి అంచులు కుట్టడానికి మామను పిలిచారు. కొత్త కార్పెట్టు మీద పాత ముక్కల్ని పరిచి, సుద్దతో చుట్టూ గీస్తూ మామ అన్నాడు: "కారులో అయితే కొంచెం అటూఇటూ అయినా ఏంగాదు. ఈడ పెడళ్ళ కింద మడత పడితే ఆయప్ప కాలు యాడ పెడతాడు?"

పని జరిగిన రెండు రోజులూ పక్కనే ఉండి చూశాను. కుట్టగా మిగిలిన ఒక ముక్కను జ్ఞాపకానికి ఉంటుందని నా గుడ్డసంచిలో వేసుకున్నాను. రెండో సాయంత్రం జీపు డ్రైవరు తొందరపెట్టడంతో మామ సూదులు లెక్క చూడకుండానే బండెక్కాడు. నేను ఆఫీసుకు వెళ్ళి వార్త పంపేశాను.

తెల్లారి మామ నా తలుపు తట్టాడు. చేతిలో ఎర్రగుడ్డ. "పదే ఉండాయి అల్లుడా. అంగడంతా ఎతికినా, ల్యా. పా, పోదాం." సంచి భుజానికి తగిలించుకుని ఆయన వెంట నడిచాను.

మేం షెడ్డు చేరేసరికి యజమాని భార్యతో సహా ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. "ఏంది దస్తగిరీ, పని అయిపోయిందని పేపర్లో ఏసినారే?"

"పేపర్లో అయిందన్నా, ఇమానంలో కాలా. నా సూది ఒకటి కనపడల్యా. లెక్క చూసుకోకుండా పోయినా. తప్పు నాదే."

ఇంజనీరు ముఖం మారింది. తోకకు పోయే కేబుళ్ళు ఆ పలకల కిందే ఉంటాయని, వాటి కప్పీలో సూది ఇరుక్కుంటే విమానం చెప్పిన మాట వినదని అన్నాడు. సూది దొరికేదాకా సంతకం పెట్టనన్నాడు.

కార్పెట్టు లేచింది. పలకల మరలు ఊడాయి. ముందురోజు విప్పని వెనక పలక కింద, అయస్కాంతం కట్టిన కడ్డీకి టక్కున ఏదో అంటుకుంది. "సూదే!" అన్నాడు ఇంజనీరు. అందరం ఊపిరి వదిలాం. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తిన్నటి సూది. తుప్పు పట్టింది.

"ఇది నాది కాదు."

"ఎవురిదైతే ఏందప్పా! దొరికింది గదా" అన్నాడు యజమాని.

"నాది ఇంకా యాడనో ఉందన్నా."

తనదేనంటే సరిపోయేది. ఆ క్షణంలో అక్కడున్న అందరమూ ఆయన అవుననాలనే కోరుకున్నాం. ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద వంగాడు.

వెతుకులాట సాగుతూనే ఉంది. నిలబడలేక, షెడ్డు గోడ పక్కన సంచి కిందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నంత వేగంగానూ లేచాను. నేను తెచ్చుకున్న ముక్కలో, దట్టమైన పోగుల మధ్య, పదకొండో సూది ఉంది.

చెప్పక తప్పలేదు. యజమాని తిడతాడనుకున్నాను. ముందు ఆయన భార్య నవ్వింది, తర్వాత ఆయనా నవ్వాడు. "చెప్పలా? కూర్చున్నోడే చెప్తాడని" అన్నాడు మామ. పలకలు బిగించి, కార్పెట్టు మళ్ళీ పరిచేసరికి మధ్యాహ్నమైంది. మామ పదకొండూ లెక్క చూసుకుని చేతులు కడుక్కున్నాడు. విమానం ఎగిరింది.

ఆ సాయంత్రం మూడు వాక్యాల సవరణ రాసి డెస్కుకు పంపాను. ఇంత చిన్నదానికి సవరణ ఎందుకన్నారు. వేస్తామనేదాకా ఆఫీసులోనే కూర్చున్నాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ 'పూర్తయింది' అని రాసే ముందు ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చేవాణ్ణి.

దస్తగిరి మామ ఇప్పుడు లేడు. ఆ తుప్పు సూదిని నాకే ఇచ్చాడు, నా పెన్నుల డబ్బాలో ఉంది. పాత కార్పెట్టు పరిచిందెవరో ఇంజనీరు విమానం కాగితాలన్నీ తిరగేసి చూశాడు. పేరు లేదు. ఆ సూది ఎన్నాళ్ళు ఆ కేబుళ్ళ పక్కనే ఎగిరిందో, ఎవరి లెక్కలో ఒకటి తగ్గిందో ఇప్పటికీ తెలియదు.