దొరసాని దయ్యం, గొంగడి గంజి

ఎక్కడైనా దయ్యముందని ఎవరైనా అంటే చాలు, నా కాళ్ళు ఆగవు. తాండూరులో పంతులమ్మగా ఉన్న రోజుల్లో పాడుబడ్డ బండల గని ఒకటీ, తలుపులూడిన సత్రం ఒకటీ చూసొచ్చాను. గనిలో మనం పిలిస్తే దయ్యం బదులు పలుకుతుందన్నారు. పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది, జలుబుతో సహా! సత్రంలో దయ్యం పళ్ళు కొరుకుతుందన్నారు. ఎండకు కాగిన పైకప్పు బండలు టక్కుటక్కుమంటున్నాయి, అంతే. ఇంత ఎగతాళి చేసే నేనే, ఒకప్పుడు ఒక బంగ్లాలో దయ్యముందని ఊరంతా నమ్మేలా గొంతు చించుకొని ఒర్లాను.

మా ఊరు వికారాబాదుకూ కోట్‌పల్లికీ నడుమ. ఊరి బయట జాగీర్దారు వేట బంగ్లా ఉండేది. పోలీసు చర్య జరిగిన ఏడు వాళ్ళు తాళం వేసుకొని పట్నం పోయారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు అందులో దొరసాని దయ్యం చేరింది. మిట్టమధ్యాహ్నం గజ్జెల చప్పుడు వినిపిస్తుందనీ, కిటికీలో ముఖం లేని నల్ల ముసుగు నిలబడుతుందనీ చెప్పుకునేవారు. పొద్దు తిరిగేదాకా ఆ దారిన ఎవరూ పోయేవారు కాదు.

నేను వికారాబాదులో ఏడో తరగతి చదువుతూ సెలవులకు ఊరికి వచ్చాను. ఆ ఎండాకాలం చెరువు అడుగు పగిలింది. మావాళ్ళంతా గొర్లకాపరులు, గడ్డి ముఖం చూసి నెల దాటింది. బంగ్లా ప్రహరీ లోపల మాత్రం దిగుడుబావిలో నీళ్ళూ, మోకాలెత్తు గడ్డీ ఉన్నాయి. మూడు నూర్ల గొర్లున్న మామ ఒకాయన, వరసకు మామ, రోజూ ఆ గోడ దిక్కు చూసి ఉసూరుమనేవాడు. ఆయన జీతగాళ్ళు లోపలికి పొమ్మంటే చావనైనా చస్తామన్నారు.

నేను ఊరుకుంటానా? "దయ్యం లేదు, గియ్యం లేదు. మా సారు చెప్పిండు," అన్నాను.

"అయితే పోయి రా కోడలా," అన్నాడు మామ. "నువ్వు సల్లగ బయటికొస్తే, రేపు పొద్దుగాల నా మంద లోపటికే."

జీతగాళ్ళు గేటు బయట నిలబడి చూస్తుంటే రొమ్ము విరుచుకొని పోయాను. వరండా ఎక్కగానే గజ్జెలు మోగాయి. తలెత్తితే కిటికీలో నల్ల ముసుగు, ముఖం లేదు! సారు చెప్పిన సైన్సు అంతా ఒక్కసారే మరిచిపోయాను. ఇటుక ముక్క ఒకటి అందుకొని విసిరాను. దయ్యం వంగకుండా, ఒరగకుండా నిలువునా దబ్బున పడింది.

"ఎవ్వతే గది? గంజి ఇంక పూర ఆరలేదు!"

మా బాపమ్మ, మా నాయన తల్లి! చేతిలో గంజి పూసే కుచ్చె, పక్కన గంజి కుండ. మేం నేసిన కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తే ఆరేసరికి అట్ట కట్టుకుపోతుంది. ముసుగులా మడిచి కర్రకు ఆనిస్తే మనిషిలాగే నిలబడుతుంది. ఆమె వెనక, పెరటి దిక్కు, మా ముప్పై గొర్లు హాయిగా మేస్తున్నాయి. దొరసాని గజ్జెలు మా పొట్టేలు మెడలో ఉన్నాయి. రోజూ గుట్ట దిక్కు తోలుకపోతున్నానని ఇంట్లో చెప్పే మనిషి ఈమె!

నేను నవ్వుతూ పందెం సంగతి చెప్పాను. బాపమ్మ నవ్వలేదు. కుచ్చె కింద పెట్టి కూలబడింది.

"మూడు నూర్లొస్తే రెండు దినాలల్ల నాకేస్తయి. నా ముప్పై ఏం తినాలె బిడ్డా? మీ తాత పోయినంక గివే నా పానం." ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

"మరేం జేద్దాం బాపమ్మా?"

ఆమె గంజి కుండ దిక్కు చూసింది. చూసీ చూడగానే పిడికెడు తీసి నా మూతి చుట్టూ నురగలా పూసింది. "ఉరుకు. మంచిగ ఒర్లు!"

ఒర్లాను! జుట్టు విరబోసుకొని గేటు దాకా ఉరికి, దుమ్ములో పొర్లి, వచ్చీరాని ఉర్దూలో దొరసానిలా తిట్టాను. జీతగాళ్ళు చెప్పులు వదిలి పారిపోయారు. మామ ఒక్కడే దగ్గరికొచ్చి, నన్ను లేవనెత్తి, తువాలతో నా మూతి తుడిచాడు. ఒక్క క్షణం ఆగాడు. బంగ్లా దిక్కు చూశాడు. తర్వాత ఊరంతా వినేలా అరిచాడు. "ఉన్నది! లోపటనే ఉన్నది! ఎవ్వలు పోకుండ్రి!"

తెల్లారి మంద తోలుకొని తాండూరు దాటి కన్నడ దేశం దిక్కు పోయాడు.

నాకు పట్టిన దయ్యాన్ని వదిలించే పని బాపమ్మకే అప్పగించారు. వేపమండలతో ఆమె కొట్టిన తీరు చూస్తే, గొంగడిని పడగొట్టిన కోపం కూడా అందులోనే తీర్చుకున్నట్టుంది. బడిలో నా పేరు దయ్యం పిల్లగా మారింది. అయితేనేం, మా ముప్పై గొర్లూ బతికాయి. మామ సగం మందతో తిరిగొచ్చాడు. అయ్యో అనుకున్నాను గానీ, అంతటి కాపరిని ఏమార్చానన్న మురిపెమే నాకు ఎక్కువగా ఉండేది.

బాపమ్మ పోయిన పదో దినాన మామ నా పక్కన కూర్చున్నాడు. నాకెందుకో దాచబుద్ధి కాలేదు.

"మామా, ఆ దినం నాకు దయ్యం పట్టలే."

"ఎరుకే కోడలా. పుట్టినకాంచి గొంగడి కప్పుకున్నోన్ని, గంజి వాసన ఎరుకుండదా? నీ మూతి నిండ గదేనాయె."

ఆయన దిక్కు తిరిగి అడిగాను. "మరి ఊకె ఎట్లున్నవు మామా? నీ గొర్లు సగం సచ్చినయి గద!"

"నాకు సగం పోయినా నూటయాభై మిగిలినయి. అత్తకు, గదే మీ బాపమ్మకు, ఉన్నయే ముప్పై." తువాలతో ముఖం తుడుచుకున్నాడు. "కాని నువ్వు మస్తు ఒర్లినవు పో!"

నవ్వబోయి ఏడ్చేశాను.