పదికి నాలుగు మార్కుల బండి

ఆ వీధిలో కళ్ళజోళ్ళ కొట్టు నడిపే పెద్దమనిషి జీవితంలో ఎవరికీ సాయం చేసిన పాపాన పోలేదు. ఆయన చేసేదల్లా టెస్టింగే. ఈ మాట ఆయనే అంటాడు. వినీ వినీ వీధివాళ్ళు ఆయనకు టెస్టింగాయన అని పేరు పెట్టేశారు.

టెస్ట్ చేసేది జనం కళ్ళను అనుకునేరు. కాదు, తన బండిని. డీజిల్ పికప్పు. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టుపట్టి బురదైనా రాళ్ళైనా ఎక్కేసే రకం. కళ్ళజోళ్ళ కొట్టుకు ఇంత బండి ఎందుకండీ అంటే, "సరుకు తెచ్చుకోవాలి కదండీ!" అనేవాడు. ఆ సరుకు నెలకు రెండు అట్టపెట్టెలు. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకోవచ్చు.

కొన్న బండిని కొన్నట్టే ఉంచితే ఆయన ఆయనెందుకవుతాడు? ముందు పెద్ద టైర్లు వేయించాడు. అవి బాడీకి తగులుతున్నాయని బండిని జానెడెత్తు లేపించాడు. ఎత్తయిందని ఎక్కడానికి మెట్టు పెట్టించాడు. ముందు వైపు ఇనపతాడు చుట్టుకునే విన్చి, వెనక ట్రెయిలరు తగిలించే కొక్కెం వచ్చాయి. చివరికి, నీళ్ళలో దిగినా ఇంజను ఊపిరాడాలని టాపుదాకా ఒక గొట్టం లేచింది.

"ఆ గొట్టం ఎందుకండీ?" అంది భార్య, ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూ. ఆవిడ టైలరు.

"నడుంలోతు నీళ్ళొస్తేనో?"

"నడుంలోతు నీళ్ళలో ఎవరు కొంటారండీ కళ్ళజోళ్ళు?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. మర్నాడు గొట్టం ఇంకో అడుగు పెంచాడు.

బిగించిన ప్రతిదాన్నీ టెస్ట్ చెయ్యాలి. అందుకు ఎవరి బండో ఎక్కడో ఇరుక్కోవాలి. ఒకసారి ఫొటోగ్రాఫరు కారు ఇసకలో ఇరుసుదాకా దిగబడిపోయింది. కబురు అందీ అందకముందే మనవాడు అక్కడున్నాడు. విన్చి తిప్పి కారును రోడ్డెక్కించాడు.

"మీ మేలు మరిచిపోలేనండీ," అన్నాడు ఫొటోగ్రాఫరు, చేతులు పట్టుకుని.

"మేలేంటండీ? విన్చి బిగించి పది రోజులైంది. ఊళ్ళో ఒక్క బండీ ఇరుక్కోదు! మీరు గనక ఇరుక్కున్నారు. నేనే మీకు థాంక్స్ చెప్పాలి."

ఫొటోగ్రాఫరు "పర్లేదండీ," అనేసి వెళ్ళిపోయాడు.

ఈ ఉత్సాహం ఒక్కోసారి శ్రుతి మించేది. ఒక మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు కనబడింది. ముందు సీట్లో ఎవరూ లేరు. అయ్యో పాపం అనుకుని, దాని ముందు చక్రాలను చిన్న ట్రెయిలరు మీదికెక్కించి లాక్కుపోయాడు. మూడు వీధులు దాటాక వెనక సీట్లోంచి ఒక బీమా ఏజెంటు కళ్ళు నులుముకుంటూ లేచి కేకలు పెట్టాడు.

"ఎక్కడికయ్యా తీసుకుపోతున్నావు?"

"మెకానిక్కు దగ్గరికండీ."

"కారుకేమైంది?"

"అది మీరే చెప్పాలి."

"కారుకేం కాలేదయ్యా, నాకు నిద్రొచ్చింది!"

"ఇంతదూరం వచ్చేదాకా మెలకువ రాలేదా?"

"రాలేదు!"

టెస్టింగాయన ముఖం వెలిగిపోయింది. "కుదుపే లేదన్నమాట!" అన్నాడు. ఆ తర్వాత ఆ వీధిలో కారు ఆపుకునేవాళ్ళు అద్దానికి ఒక కాగితం అంటించుకునేవారు: "ఇది ఆగిపోయిన బండి కాదు, ఆపిన బండి."

ఎదురింట్లో పెద్ద టీచరుగారు ఉండేవారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. మోకాలికి ఆపరేషనయింది. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళి కాలికి వ్యాయామం చేయించుకోవాలి. ఎవరు తీసుకెళ్తామన్నా, "నాకు కాళ్ళున్నాయి," అని బస్సెక్కేవారు. ఒక వానరోజు బస్సు మెట్టు మీద కాలు జారింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఆ రోజునుంచి బస్సెక్కడమే మానేశారు. ఇలాగే వదిలేస్తే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పినా గుమ్మం దాటలేదు.

టెస్టింగాయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "టీచరుగారూ, నా సొంత పని మీద వచ్చాను. కొత్త స్ప్రింగులు వేయించాను. ఎలా ఉన్నాయంటే మా ఆవిడ అన్నీ బాగున్నాయంటుంది. మొహమాటం లేకుండా తప్పులు పట్టే మనిషి కావాలి."

"తప్పులా?" టీచరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మార్కులేసినా సంతోషమే. ఆసుపత్రి రోడ్డయితే గుంతలే గుంతలు. టెస్టింగుకు అంతకన్నా మంచి రోడ్డు లేదు."

టీచరుగారు ఎర్ర పెన్నూ నోటుబుక్కూ తెచ్చుకుని బండెక్కారు. తిరిగొచ్చాక పదికి నాలుగు వేశారు. "ఎడమవైపు కిర్రుమంటోంది. మలుపుల్లో శ్రద్ధ లేదు," అని రాశారు.

మూడు నెలలు గడిచాయి. వారానికి మూడు రోజులు, ప్రతిసారీ నాలుగే. ఆ మూడు పూటలా మిషను వదిలి కొట్టులో కూర్చోవలసింది భార్యే. పైగా బండి సీటుకు రెండు వరసల స్పాంజి పెట్టి తన చేత్తో కవరు కుట్టింది. దానికీ అర మార్కు కలవలేదు. ఆవిడకు ఒళ్ళు మండి, తిన్నగా మెకానిక్కు షెడ్డుకు వెళ్ళింది.

"ఏమయ్యా, మూడు నెలలై ఒక్క కిర్రు ఆపలేకపోయావా?"

మెకానిక్కు చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు. "అది మొదటి వారంలోనే ఆగిపోయిందమ్మా. మెట్టు కింద రేకు అది. బిగించేశాను. సారే వచ్చి మళ్ళీ వదులు చేయించుకున్నారు."

"ఎందుకూ?"

"తొమ్మిదో పదో వచ్చాయంటే టెస్టింగు అయిపోయినట్టేనట. అయిపోతే టీచరుగారు మళ్ళీ బండెక్కరట. మీకు చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదమ్మా!"

ఆవిడ వెనక్కి తిరిగింది. దారంతా, పెళ్ళయిన కొత్తలో ఆయన వారానికోసారి "టెస్టింగు" పేరుతో తన కుట్టుమిషనుకు ఎందుకు నూనె పోసేవాడో ఆలోచించుకుంటూ నడిచింది.

ఎదురింటి గేటు దగ్గర పెద్ద టీచరుగారు కర్ర లేకుండా మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. భార్య ఆగి, "టీచరుగారూ, మా బండి కిర్రుమంటుందే, అదీ..." అని నసిగింది.

"మెట్టు కింద రేకేగా?" అన్నారు టీచరుగారు, మగ్గు దించకుండా. "రెండో వారమే కనిపెట్టాను. ముప్పై ఏళ్ళు పిల్లల్ని చూసినదాన్నమ్మా. కావాలని తప్పు రాసేవాణ్ణి ఆమాత్రం పోల్చుకోలేనా?"

"మరి ఆ నాలుగు మార్కులు?"

"పాసు చేస్తే పై క్లాసుకు పోడూ? దారి పొడుగునా నేనెవరితో పోట్లాడను?"

ఆ సాయంత్రం టెస్టింగాయన ముఖం వేలాడేసుకుని ఇంట్లోకి వచ్చాడు. ఆ వేలాడెయ్యడం ఎంత గొప్ప నటనో ఆవిడకు ఆ రోజే తెలిసింది.

"ఇవాళ మూడేనే," అన్నాడు.

"రెండేసినా తప్పులేదు," అంది భార్య, కుడుతున్న బట్ట మీదికి బాగా వంగిపోయి. "చాలా టెస్ట్ చెయ్యాలి ఆ బండిని. కొట్టు నేను చూసుకుంటాలెండి."