పోయిన కరెంటు, తీసిన కరెంటు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కరెంటుకు రెండే పనులు తెలుసు. రావడం, పోవడం. వాన వచ్చినట్టు వచ్చేది, దూడ తప్పిపోయినట్టు పోయేది. ఎవరు పంపారో, ఎవరు ఆపారో అడగాలని ఎవరికీ తోచేది కాదు. మాది రాజాం నుంచి మూడు కోసుల దూరంలో వరీ గోగూ పండించుకునే చిన్న ఊరు. స్తంభాలు పాతి తీగలు లాగి అప్పటికి నాలుగైదేళ్ళయి ఉంటుంది. పదీ పన్నెండు ఇళ్ళకు దీపాలు, పొలాల్లో మూడు నూతులకు మోటార్లు, వీధిలో స్తంభానికొక బల్బు ఉండేవి. ఆ వీధి బల్బులకు విడిగా స్విచ్చి లేదు. కరెంటు ఉన్నంతసేపూ పట్టపగలు కూడా వెలుగుతూనే ఉండేవి. ఊరికి అవే గుర్తు. బల్బు వెలిగితే వచ్చినట్టు, ఆరితే పోయినట్టు.

కరెంటు ఇంగ్లీషు మాట అంటే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. "రోజూ మనం అంతన్న మాట ఇంగిలీసెలగ అవుతాదే?" అనేది. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. ఆ మాట పక్కన ఊరివాళ్ళు తమ మాటలన్నీ తెచ్చి కూర్చోబెట్టేశారు. మోటారున్న నుయ్యి కరెంటు నుయ్యి. స్తంభం ఉన్న సందు కరెంటు సందు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే కరెంటు కొట్టేది. ముక్కుమీద కోపం ఉండే మా మేనత్తను ఇంట్లో అందరూ చాటుగా కరెంటు అప్ప అనేవారు.

ఒక్క మనిషి మాత్రం ఆ మాటను ఇంకోలా వాడేవాడు. మా వీధి గదిలో అద్దెకుండే లైన్‌మేన్. పిల్లలందరం ఆయన్ని లైను మావ అని పిలిచేవాళ్ళం. సన్నగా, పొడుగ్గా, కాకీ నిక్కరుతో ఉండేవాడు. ఆయన భార్యను అత్తా అనేవాళ్ళం. నేను చెప్పబోయే రోజులకు అత్తకు ఐదో నెల. మావ ఎప్పుడూ కరెంటు వచ్చిందనో పోయిందనో అనేవాడు కాదు. ఇచ్చినాను అనేవాడు, తీసినాను అనేవాడు. ఎవరైనా వచ్చి కరెంటు పోయిందని చెబితే, ముందు అడిగే మాట ఒకటే. "పోయిందా? ఎవులైనా తీసినారా?"

ఆ రెండింటికీ తేడా ఏమిటని ఒకసారి నేనే అడిగాను. తీగ చుట్ట విప్పుతూ, నా వైపు చూడకుండానే చెప్పాడు. "తీసింది అంటే ఒక మనిషి సెయ్యి ఉన్నట్టు. ఆ మనిషి మళ్ళీ పెడితేనే గాని రాదు. పోయింది అంటే దానిష్టం. ఎప్పుడైనా వచ్చీవచ్చు. పోయిన కరెంటుని నమ్మి స్తంభం ఎక్కినోడు మళ్ళీ నడిసి ఇంటికి రాడే కోడలా."

అందుకే ఆయనకు ఒక అలవాటుండేది. స్తంభం ఎక్కేముందు ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళి, మీదున్న స్విచ్చి దించి, మూడు ఫ్యూజులూ ఊడబెరికి, తన గుడ్డ సంచిలో వేసుకుని, ఆ సంచీ భుజాన తగిలించుకునే పైకి ఎక్కేవాడు. అరచేతికి నిండుగా ఉండే తెల్లటి పింగాణీ ఫ్యూజులవి. మోటారున్న రైతులందరికీ వాటిని పెట్టడం, తీయడం వచ్చు. చూసినవాళ్ళు నవ్వేవారు. "ఒరే, ఆటినెవులు ఎత్తుకుపోతారురా?" అని అడిగితే, "ఎవులూ ఎత్తుకుపోరు. ఎవులో ఒకలు పెట్టీస్తారు" అనేవాడు.

నాకు అప్పుడు పదేళ్ళు. మా ఇంట్లో అందరికంటే లైను మావ మాట్లాడే తీరే నాకు గొప్పగా అనిపించేది. తీసినారు, ఇచ్చినారు అని నేనూ అనాలని ఉండేది. అనడానికి సందర్భం దొరికేది కాదు.

ఆషాఢంలో ఒక రోజు పొద్దున్నే గాలి కొట్టింది. పెద్ద గాలేమీ కాదు. బడి దగ్గర తాటిచెట్టు నుంచి ఎండు కమ్మ ఒకటి విరిగి తీగల మీద పడి వేలాడుతోంది. దానివల్లో, రాజాం వైపు ఇంకేదైనా జరిగిందో, వీధి బల్బులు ఆరిపోయాయి. లైను మావ పక్క ఊరికి వెళ్ళి ఉన్నాడు. మా తాతయ్య పొద్దుటినుంచీ వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. వరి నారు పోసిన ఆకుమడి మూడు రోజులుగా నీళ్ళు లేక నెర్రెలు విచ్చుతోంది. వాన జాడ లేదు. ఆ మడి ఎండితే ఆ ఏడు నాట్లకు ఊరి మీద పడి నారు అడుక్కోవాలి.

మధ్యాహ్నం మావ సైకిలు దిగి, గోలెం దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అరుగు మీదున్న నన్ను అడిగాడు. "ఏటే కోడలా, బల్బులు నేవు. కరెంటు ఏటైనాది?"

అంతకాలం ఎదురుచూసిన సందర్భం దొరికింది. "తీసీసినారు మావా" అన్నాను.

కడుక్కునేవాడు ఆగాడు. "ఎవులు తీసినారు?"

అక్కడ నిజం చెప్పి ఉండవలసింది. తెలీదు అంటే సరిపోయేది. కానీ పెద్దవాళ్ళ మాట ఒకటి నోట్లోకి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం చిన్నతనంగా అనిపించింది. పక్క సెక్షనులో మీసాల లైన్‌మేన్ ఒకాయన ఉండేవాడు, అప్పుడప్పుడూ మా ఊరు వచ్చేవాడు. "మీసాల మావ వచ్చినాడు" అన్నాను.

"నువ్వు సూసినావా?"

"సూసినాను."

మావ నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత మోకు, ప్లయరు, సంచి తీసుకున్నాడు. లోపలినుంచి అత్త, కంచంలో అన్నం పెట్టేశాను, చల్లారిపోతుంది అని కేకేసింది. "వచ్చి తింతాను, మూత పెట్టు" అని ఆయన నడిచి వెళ్ళిపోయాడు.

గర్వం కాసేపే ఉంది. ఆయన సందు మలుపు తిరిగాక, ఆయన చెప్పిన మాట ఒక్కొక్కటే నాకు గుర్తు రావడం మొదలైంది. ఎప్పుడైనా వచ్చీవచ్చు. నమ్మి ఎక్కినోడు ఇంటికి రాడు. లోపల అత్త కంచం మీద ఇంకో కంచం బోర్లించిన చప్పుడు వినిపించింది. అరుగు దిగాను. వీధి మధ్యకు వచ్చేసరికి మా ఇంటి ముందున్న స్తంభం మీద బల్బు, ఎండలో, మెల్లగా ఎర్రబడి, వెలిగింది.

"అద్గదీ, వచ్చీసింది" అని నాయనమ్మ సంతోషంగా అనడం విన్నాను. అంత భయంకరమైన మాట అంతకుముందు నేను వినలేదు. పరుగెత్తాను. దారిలో ప్రతి స్తంభం మీదా బల్బు వెలుగుతోంది.

లైను మావ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ నీడలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

నన్ను చూసి లేవలేదు. నేను ఆయన ముందు నిలబడి ఎక్కిళ్ళు పెడుతున్నాను. ఆయన చుట్టతో వీధి వైపు చూపించాడు. "కరెంటు వచ్చింది సూడు" అన్నాడు. తర్వాత, "తీసింది ఎలగ వచ్చిందే మరి?" అన్నాడు.

నేను చూడలేదని చెప్పాను. మీసాల మావ రాలేదని చెప్పాను. ఎందుకలా అన్నానని ఆయన అడగలేదు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని లేచి, తన పని తాను చేసుకున్నాడు. స్విచ్చి దించాడు. ఫ్యూజులు మూడూ ఒక్కొక్కటే లాగాడు. కళ్ళనిండా నీళ్ళతో నాకు అన్నీ అలికినట్టు కనబడుతున్నాయి. చివరికి నన్ను దిమ్మ పక్కన నేల మీద కూర్చోబెట్టి, సంచి తెచ్చి, భుజాన వేసుకోకుండా, నా ఒళ్ళో పెట్టాడు.

"తాటికమ్మ తీసి వస్తాను. నేను దిగీదాకా ఇవి నీ కాడే. ఎవులొచ్చి అడిగినా ఇవ్వకు" అని బడి వైపు వెళ్ళిపోయాడు.

నేను కూర్చున్న చోటినుంచి బడి దగ్గర స్తంభం కనబడుతూనే ఉంది. ఆయన మోకు వేసి ఎక్కడం, ఎండలో చిన్న ఆకారమై తీగల దగ్గరికి చేరడం చూశాను. ఫ్యూజులు ఎండకు వేడెక్కి ఉన్నాయి. అంచుల్లో కాలిన నల్లటి మరకలున్నాయి. సంచిని రెండు చేతులతో పొట్టకేసి అదుముకున్నాను. మూడు పింగాణీ ముక్కలు అంత బరువు ఎందుకున్నాయో తెలియలేదు.

ఎవరు రాకూడదనుకున్నానో ఆయనే వచ్చాడు. మా తాతయ్య. ఇలా వచ్చి అలా పోయిన కరెంటు మీద కోపంతో, తువ్వాలు తలకు చుట్టుకుని, పొలం గట్టునుంచి నేరుగా వస్తున్నాడు. నా ఒళ్ళో సంచి చూడగానే సంగతి అర్థమైంది.

"ఇలగియ్యే గుంటా. ఒక్క అరగంట మోటారు ఆడించుకుంటాను. ఆడు తర్వాత తీసుకుంటాడు."

"ఇవ్వను తాతా."

"ఏటి? మళ్ళీ సెప్పు."

"ఇవ్వను. మావ స్తంభం మీద ఉన్నాడు."

తాతయ్య అటు చూడలేదు. కళ్ళల్లో ఆకుమడే ఉంది. "నెర్రలిచ్చీసినాదే మడి. రేపు నువ్వేటి తింతావు, ఈ ఫ్యూజులా? తే ఇలగ" అని చెయ్యి చాచాడు. మా ఇంట్లో ఆ చెయ్యి చాచితే ఇవ్వకపోవడమన్నది లేదు. నాన్న కూడా ఇచ్చేవాడు. నేను సంచి మీద బోర్లా పడుకున్నాను. ఆయన నా జబ్బ పట్టుకుని లేపబోయాడు. మట్టిలో మొహం పెట్టుకునే అరిచాను. "అత్త కంచంలో అన్నం పెట్టుంచినాది తాతా."

ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలీదు. తాతయ్య చెయ్యి వదిలింది. కాసేపటికి తల ఎత్తి చూస్తే ఆయన బడి వైపు తిరిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని స్తంభం మీద మనిషిని చూస్తున్నాడు. తర్వాత దిమ్మకు ఆనుకుని నా పక్కన కూర్చున్నాడు. మావ దిగేదాకా అక్కడే ఉన్నాడు.

మావ తాటికమ్మ ఈడ్చుకుంటూ వచ్చాడు. తాతయ్యను చూసి, "ఏటి బావూ, మీరూ కాపలాకి వచ్చినారా?" అన్నాడు. తాతయ్య, "నీ కోడలు గుంట ఉన్నాదే, పోలీసోడి కన్నా కష్టం" అని గొణిగి, జబ్బ పట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

మావ నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "ఇప్పుడు సెప్పు. కరెంటు ఏటైనాది?"

"తీసినాం."

"ఎవులు?"

"నువ్వూ నేనూ."

తలూపి సంచి తీసుకున్నాడు. ఫ్యూజులు పెట్టాడు. తర్వాత మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి, స్విచ్చి పిడికి వేసి ఉన్న తాళం తీశాడు. అప్పుడు చూశాను ఆ తాళాన్ని. తాతయ్య కూడా అప్పుడే చూశాడు. ఆ స్విచ్చి దించి తాళం వేశాక, నా ఒళ్ళో ఫ్యూజులు పెట్టినా పెట్టకపోయినా తీగల్లోకి కరెంటు రాదు. అంతసేపూ ఆయన ప్రాణం నా చేతుల్లో లేనే లేదు.

నాకు కోపం వచ్చింది. "మరి నాకెందుకిచ్చినావు?" అని నిలదీశాను.

"అబద్దమాడిన గుంట సేతిలో పేనం పెట్టి ఎక్కడానికి నాకేటి పిచ్చా? ఇంటికాడ మీ అత్త ఉన్నాది" అన్నాడు. తాతయ్య గట్టిగా నవ్వాడు. మావ నవ్వలేదు. స్విచ్చి ఎత్తుతూ అడిగాడు. "బరువున్నాదా, నేదా?"

"ఉన్నాది."

"అదే."

వీధి పొడుగునా బల్బులు వెలిగాయి. తాతయ్య మోటారు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆకుమడి బతికింది. మావ ఇంటికి వెళ్ళి చల్లారిన అన్నం తిన్నాడు. నా అబద్ధం సంగతి అత్తకు గాని, మా ఇంట్లో గాని ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దయ్యాక నేను ఒక దినపత్రికలో చేరి, ముప్పై ఏళ్ళకు పైగా పల్లెలనుంచి వచ్చే వార్తలు దిద్దే పనిలో ఉన్నాను. మా జిల్లాల విలేకరులు మంచివాళ్ళే, కష్టపడి రాసేవాళ్ళు. కానీ సాయంత్రం వేళ హడావిడిలో అందరి కలానికీ దగ్గర దారి ఒకటుంటుంది. గుడిసెలు పోయాయి అని రాసేవారు. కూలీలకు పని పోయింది అని రాసేవారు. నేను ఫోను చేసి అడిగేదాన్ని. పోయాయా, తీశారా? తీస్తే ఎవరు? మీరు చూశారా? కొందరికి విసుగు వచ్చేది. ఒక కుర్ర విలేకరి, మేడమ్, ఫోను లైను తొందరగా వదలాలి, మాట ఏదైతే ఏమిటి అన్నాడు. వెళ్ళి చూసి రమ్మన్నాను. రెండు గంటల తర్వాత అతనే ఫోను చేసి, గుడిసెలు గాలికి పోలేదని, మనుషులొచ్చి తీశారని చెప్పాడు. ఎవరో కూడా చెప్పాడు. తెల్లారి పేపరులో అలాగే వచ్చింది.

అలాగని ఎప్పుడూ తీశారనే రాయించలేదు. చూడనిదాన్ని తీశారని రాయడం ఎంత తేలికో, అది ఎవరిని స్తంభం మీదికి ఎక్కిస్తుందో నాకు తెలుసు.

లైను మావ బదిలీ మీద నౌపడ వెళ్ళేటప్పుడు, అంచు పగిలిన పాత పింగాణీ ఫ్యూజు ఒకటి నాకిచ్చాడు. నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఇప్పటికీ అదే పెడతాను. చుట్టూ కంప్యూటర్లు వచ్చి కాగితాలు తగ్గినా దాన్ని తీయలేదు.

మొన్న వేసవిలో ఆయన కూతురు ఫోను చేసింది. ఆ ఆషాఢంలో అత్త కడుపులో ఉన్న పిల్ల. ఇప్పుడు ఆమెకే మనవలున్నారు. "వదినా, నాన్న పోయినాడు" అంది. వార్తలు దిద్దిన అలవాటు కొద్దీ నా నోటికి ప్రశ్నే వచ్చేసింది. "ఎలాగమ్మా?" అన్నాను.

మధ్యాహ్నం అన్నం తిని, మంచం మీద నడుము వాల్చి, మళ్ళీ లేవలేదట. వేడన్నమే తిన్నాడని ఆమె చెప్పింది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ పింగాణీ ముక్కను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇంకా బరువుగానే ఉంది.