లేని నడుంనొప్పి

బట్టల కంపెనీలో అతను కటింగ్ మాస్టరు. దొంతరగా పేర్చిన గుడ్డ మీద కత్తి నడిపితే గీత తప్పేది కాదు. కంపెనీ మూతపడ్డాక పని కోసం కాళ్లరిగేలా తిరిగాడు. ఎక్కడికెళ్లినా "ఈ వయసులో కష్టమయ్యా" అన్నారు. తిరగడం మానేశాడు. తర్వాత గడ్డం గీసుకోవడం, చివరికి మంచం దిగడం కూడా మానేశాడు.

భార్య నాలుగిళ్లలో పనికి కుదిరింది. పొద్దున్నే ఆమె చెప్పులేసుకునే చప్పుడు వినిపిస్తే గోడవైపు తిరిగి నిద్ర నటించేవాడు.

ఎవరడిగినా ఆమె, "నడుం పట్టేసింది వదినా, లేవలేకపోతున్నారు" అనేది. మనసు బాగాలేదంటే పిచ్చి అంటారు. రేపు కూతుర్నీ పిచ్చోడి పిల్ల అంటారు. నడుంనొప్పికైతే ఎవరూ మొహం తిప్పుకోరు.

నిజమే, అందరూ వచ్చారు. ఒకరు నూనె తెచ్చారు, ఇంకొకరు బెల్టు. ఎదురింటావిడ తన పరుపు ఇచ్చేసి చాప మీద పడుకుంది. అది తెలిసిన రోజు అతను కంచం పక్కకు నెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం కంపెనీలో ఇస్త్రీ చేసిన తాత వచ్చాడు. "బోర్లా తిరగరా, ఇట్టే దారికి తెస్తా" అని చొక్కా పైకి లాగి నూనె రుద్దసాగాడు. ముసలి ప్రాణం, రొప్పుతున్నాడు. మాస్టరు దిండులో మొహం దాచుకున్నాడు.

"ఆపు తాతా. నడుం కాదు."

"మరేంటి?"

"తెలీదు. లేవబుద్ధి కావట్లేదు. దాని రెక్కల కష్టం తింటూ పడున్నా. పోతే బాగుండనిపిస్తోంది."

తాత చేతులు ఆగాయి. నూనె తువ్వాలుకి తుడుచుకుని, "నేను రోజూ మింగేవి గ్యాసు మాత్రలు కాదురా, ఇలాంటి దానికే. బయట మాత్రం గ్యాసని చెప్పుకుంటాం" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. బెంచీ మీద మాస్టరు తలెత్తలేదు. డాక్టరమ్మ అంతా విని మందులు రాసింది. "ఇది జబ్బే, సోమరితనం కాదు. పని దొరికితే ఇంకా త్వరగా కోలుకుంటారు. అది మాత్రం నేను రాసివ్వలేను" అంది.

నెలలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. పరుపు తిరిగిచ్చినప్పుడు ఎదురింటావిడ "తగ్గిందా అన్నయ్యా?" అంటే తలూపాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు సందు మొదట్లో మిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేస్తున్నాడు. అది కూరగాయలకు సరిపోతుంది, అంతే. భార్య ఇంకా ఆ ఇళ్లకే వెళ్తోంది. వచ్చేసరికి వేడిగా అన్నం వండి వడ్డిస్తాడు. ఆమె తింటున్నంతసేపూ మాత్రం ఎదురుగా కూర్చోలేక, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాడు.