ఇష్టపూర్వకంగా

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున, మూతపడ్డ టైర్ల ఫ్యాక్టరీ పక్క మిడిల్ స్కూల్లో మార్లీన్ డ్రోజ్డ్ ఇరవై ఆరేళ్ళుగా సైన్సు చెబుతోంది. ఆమ్లాలూ క్షారాలూ ఆవిడకు కరతలామలకం. 'కుదరదు' అన్న నాలుగక్షరాల మాట మాత్రం ఎంత సాధన చేసినా పట్టుబడలేదు.

నాలుగో పీరియడు ఆవిడ ప్లానింగ్ పీరియడు. నలభై ఏడు నిమిషాలు గదిలో పిల్లలుండరు. పేపర్లు దిద్దుకోవాలన్నా, రేపటి ప్రయోగానికి గాజుపాత్రలు కడుక్కోవాలన్నా ఉన్నది ఆ కాస్త సమయమే. ముందుతరం టీచర్లు మంచులో పదకొండు రోజులు నిలబడి, సమ్మె చేసి దాన్ని స్కూలు బోర్డుతో ఒప్పందంలో రాయించుకున్నారు. పద్నాలుగో నిబంధన: టీచరు ఇష్టపడితే తప్ప ఈ సమయాన్ని ఎవరూ తీసుకోరాదు. కోటగోడ కట్టి, తలుపు తాళం లోపలివాళ్ళకే ఇచ్చారన్నమాట.

ఎవరైనా సెలవు పెట్టి, బదులుగా వచ్చే టీచరు దొరక్కపోతే, ఆఫీసు నుంచి యొలాండా పసుప్పచ్చ చీటీతో దిగేది.

"మార్లీన్, నా బంగారం కదూ! ఈ ఒక్కసారికి ఆరో తరగతి లెక్కల క్లాసు చూడవూ?"

"నిన్న కూడా ఒక్కసారేగా యొలాండా?"

"నిన్నటి ఒక్కసారి వేరు తల్లీ. ఇది ఇవాళ్టిది."

చీటీ మీద 'ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని అచ్చయి ఉండేది. మార్లీన్ సంతకం చేసేది.

యూనియన్ ప్రతినిధి, వ్యాయామం టీచరు స్టాన్ వియెర్‌చిన్‌స్కీ నెత్తీనోరూ బాదుకున్నాడు. "వెళ్తే వెళ్ళు. ఆ మాట కొట్టేసి 'ఆదేశిస్తే వెళ్ళాను' అని రాయి. పెన్ను అరిగిపోతుందా?"

"పాపం యొలాండా ఎదురుగానే నిలబడి ఉంటుంది స్టాన్. ముఖమ్మీద కొట్టినట్టుండదూ?"

మర్యాద కోసం రెండేళ్ళు మైక్రోస్కోపులు బీరువా దిగలేదు. చెరువు నీటిచుక్కలో ప్రాణులున్నాయన్న సంగతి పిల్లలు పాత జిరాక్సు కాగితాల మీద, నమ్మకం మీద నేర్చుకున్నారు.

వసంతంలో ఒప్పందం మీద చర్చలు వచ్చాయి. సీనియర్ అని మార్లీన్‌ను కూడా స్టాన్ పక్కన కూర్చోబెట్టారు. బోర్డు తరఫు లాయరు సౌమ్యుడు. గొంతు పెంచకుండానే చీటీల కట్ట బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ళలో మూడొందల పన్నెండు. అన్నీ ఇష్టపూర్వకంగానే. మీవాళ్ళే సంతోషంగా ఇచ్చేస్తున్నదానికి ఇంకా కాపలా ఎందుకండీ?"

స్టాన్ కట్ట తిరగేశాడు. ఒకే సంతకం పదేపదే వచ్చింది, గుండ్రంగా, పొందికగా: నూట నలభై ఒక్కసార్లు. అతను కట్టను నీటుగా సర్ది తిరిగి బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేదని మార్లీన్ ఇప్పటికీ అనుకుంటుంది.

నిబంధన పోలేదు. దానికి 'వీలైనంతవరకు' అన్న ఒక్క మాట చేరింది. గోడ అలాగే ఉంది, తలుపు తీసేశారు.

ఆ శరత్కాలంలో పక్కగదిలోకి టామ్సిన్ ఎబెల్ అనే కొత్త టీచరు వచ్చింది. ఆ అమ్మాయికీ నాలుగోదే ప్లానింగ్ పీరియడు; అది దక్కక పాఠాలు ఆదివారాలు కూర్చుని తయారుచేసుకునేది. అక్టోబరుకల్లా కళ్ళకింద నల్లటి చారలు. ఒకరోజు నాలుగో పీరియడులో మార్లీన్ ఆ అమ్మాయి గదికి వెళ్ళి కూర్చుంది.

"నీకు క్షమాపణ చెప్పుకోవాలమ్మా. ఆ నిబంధన పోగొట్టింది నేనే."

"తెలుసు మిసెస్ డ్రోజ్డ్. స్టాఫ్‌రూమ్‌లో అందరూ చెప్పుకుంటారు."

"ఏమని?"

"మీరు చాలా మంచివారని."

మార్లీన్ అంతకంటే పెద్ద తిట్టు జన్మలో వినలేదు.

గోడమీది స్పీకరు గరగరలాడింది. మిస్ ఎబెల్ వెంటనే జిమ్‌కు వెళ్ళి అక్కడి క్లాసు చూడాలట. టామ్సిన్ సగం రాసిన పాఠం మూసేసింది.

మార్లీన్ అప్పటికే లేచి నిలబడింది. "నువ్వుండు. నేను వెళ్తాలే."

"కూర్చోండి మిసెస్ డ్రోజ్డ్," అంది టామ్సిన్ తలుపు దగ్గర్నుంచి, మెల్లగా. "దయచేసి."