షిఫ్టుల అల్మారా

నస్పూర్‌లో గని సైరన్ మోగితే మనుషులే కాదు, కోళ్ళు కూడా డ్యూటీ మారతాయంటారు. రాత్రి షిఫ్టు కోడి పగలంతా పడుకోవడం కళ్ళారా చూసినవాళ్ళున్నారు. అలాంటి ఊరి గ్రంథాలయంలో సినిమాలను హీరోల వారీగా సర్దడమే హుస్నా చేసిన పొరపాటు.

హుస్నా అక్కడ సహాయకురాలు. వాళ్ళ అబ్బా ఒకప్పుడు కాలనీ చౌరస్తాలో డీవీడీలు కిరాయికిచ్చే దుకాణం నడిపాడు. సినిమాలు ఫోన్లలోకి వచ్చేసరికి దుకాణం మూతపడింది. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. మిగిలిన డిస్కుల్లో అల్మారాకు పట్టినన్నింటిని హుస్నా ఆటోలో వేసుకొచ్చి గ్రంథాలయానికిచ్చింది. అబ్బా పోయినా ఆయన సినిమాలు ఊళ్ళో ఆడుతూనే ఉండాలని ఆమె పట్టుదల.

అల్మారాలో ఒక్కో హీరోకు ఒక్కో అర ఇచ్చింది. మొదటి రోజే రాయమల్లు వచ్చాడు. గనిలో కప్పుకు దన్ను కట్టే పని ఆయనది. సినిమా విడుదలైతే కటౌట్‌కు పాలు పోసేది కూడా ఆయనే. అల్మారాను పైనుంచి కిందికి చూసి, కింది అర దగ్గర గుండె పట్టుకున్నాడు.

"ఏం బిడ్డా, మా హీరోను చెప్పుల కాడ కూసోబెట్టినవ్?"

"అర ఖాళీ ఉంటే పెట్టిన కాకా. గందులేమున్నది?"

"ఏమున్నదా? గా పైన కూసున్నోడెవడు? వాని మొఖానికి పై అరనా?"

అంటూనే తన హీరోను పైకెక్కించి, పైవాణ్ణి కిందికి దించి వెళ్ళాడు. సాయంత్రం పైవాడి అభిమానులొచ్చి మళ్ళీ మార్చారు. మర్నాడు మధ్య అరల వాళ్ళూ కదిలారు. ఆ వారంలో ఆ డిస్కులు తిరిగినంత దూరం నేలమీద తిరిగి ఉంటే బొంబాయి చేరేవి. ఇంతా చేసి ఆ కొట్లాడినవాళ్ళలో ఒక్కటైనా ఇంటికి తీసుకుపోయినవాడు లేడు. పక్క గదిలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు.

సంగతి జిల్లా గ్రంథాలయాల అధికారి రాంచందర్ దాకా పోయింది. ఆయన కోపిష్ఠి కాడు, కానీ కుర్చీలు చాలక వరండాలో చదువుకుంటున్న పిల్లల్ని చూస్తే ఆయనకు నిద్ర పట్టదు.

"చూడమ్మా, నెలాఖరు ఆదివారం మళ్ళీ వస్తా. అప్పటికి వీటిని జనం ఇండ్లకు తీస్కపోతుంటే సరే. లేకుంటే అల్మారా తీసేసి కుర్చీలేయిస్తా."

"మరి డిస్కులు సార్?"

"మా ఊర్ల మక్కచేన్లల్ల దారాలకు కడ్తరు. తళతళ మెరిస్తే పిట్టలు రావు."

 అబ్బా ఒక్కో డిస్కును చొక్కా అంచుతో తుడిచి ఇచ్చేవాడు. అవి చేనుగట్టున గాలికి ఊగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని, హుస్నా ఆ రోజు అన్నం సగంలోనే వదిలి లేచింది.

మర్నాడు నర్మద వచ్చింది. ఆమె భర్తకు ఆ వారం రాత్రి షిఫ్టు. హుస్నాతో ఉన్న స్నేహం కొద్దీ ఒక డిస్కు తీసుకుపోయిన ఒకే ఒక్క మనిషి ఆమె. దాన్ని బల్లమీద పెట్టి చేతులు జోడించింది.

"నీకో దండం అక్కా, గిది మాకొద్దు. పొద్దుగాల డ్యూటీ దిగొచ్చి మా ఆయన పండుకున్నడు. నేను టీవీల గిది పెట్టిన. బాంబు పేలిందో లేదో, నిద్రల లేచి 'నర్మదా, బయటికి ఉరుకు' అనుకుంట నన్ను వాకిట్లకు గుంజకపోయిండు. నెత్తికి గని టోపీ అనుకొని గిన్నె బోర్లించుకున్నడు!"

"మరి ఎసొంటిది కావాలె?"

"జర నిద్రొచ్చేది ఇయ్యి. పాటలుండాలె, పేలుడు ఉండొద్దు. వచ్చే వారం రెండో షిఫ్టు, అప్పుడు నవ్వేది తీస్కపోత."

హుస్నా నవ్వబోయి ఆగిపోయింది. ఈ ఊళ్ళో మనిషి ఏ సినిమా చూడాలో హీరో చెప్పడు, షిఫ్టు చెబుతుంది. పైగా ఆ షిఫ్టు వారం వారం మారుతుంది!

గ్రంథాలయానికి సెలవైన శుక్రవారం తాళం తీసుకొచ్చి మొత్తం దించింది. ఒకదానిమీద ఒకటిగా ఉన్న అరలను నిలువుగా మూడు వరసలుగా విడదీసింది. మొదటి షిఫ్టు వాళ్ళు సాయంత్రం ఇంటిల్లిపాదితో చూస్తారు కనుక వాళ్ళకు కుటుంబ కథలు, కొట్లాటలు. రెండో షిఫ్టు వాళ్ళు మధ్యాహ్నం డ్యూటీకి పోయేముందు చూస్తారు, వాళ్ళకు హాస్యం. రాత్రి షిఫ్టుకు మెత్తని పాటలు, ఆగి ఆగి మాట్లాడే సినిమాలు. అన్నిటికన్నా కింద, నేలమీద కూర్చునే పిల్లల చేతికందేలా బొమ్మల కథలు. ఇప్పుడు ప్రతి హీరో మూడు షిఫ్టుల్లోనూ ఉన్నాడు, ఏ హీరో కాళ్ళ దగ్గర లేడు.

రాయమల్లు వచ్చి, వంగి, లేచి, మళ్ళీ వంగి వెతికాడు. తప్పు దొరకలేదు.

"మా హీరో రాత్రి షిఫ్టు గూడ చేస్తుండా?"

"అందరికన్న ఎక్కువ మీ హీరోనే చేస్తుండు కాకా."

"చేస్తడు మరి! కష్టజీవి." ఛాతీ పొంగించి ఒకటి చంకలో పెట్టుకున్నాడు. "ఫోన్ల చూద్దమంటే నడుమల గని సర్దార్ ఫోన్ జేసి డ్యూటీకి రమ్మంటడు. గీ డిస్కుకైతే ఫోన్ రాదు."

ఈ మాట గనిలోకి దిగి, అన్ని షిఫ్టులతో కలిసి పైకొచ్చింది. కాలనీ ఇళ్ళ అటకల మీద నుంచి డీవీడీ ప్లేయర్లు దిగాయి. ఒకదాంట్లో పిల్లి ఈనిందనీ, పిల్లలు కళ్ళు తెరిచేదాకా ఆ ఇంటివాళ్ళు పక్కింట్లో సినిమా చూశారనీ చెప్పుకుంటారు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఆదివారమంటే షిఫ్టులు మారే రోజు. పాత షిఫ్టు డిస్కు ఇచ్చి కొత్త షిఫ్టుది పట్టుకుపోవడానికి కాలనీ కాలనీయే కదిలింది. లైను గేటు దాటి, చాయ్ హోటల్ దాటి, మలుపు తిరిగింది. చివర ఎక్కడుందో చూడబోయిన ఒకాయన గోదావరి కనిపించాక వెనక్కొచ్చాడట. అంతమంది ఉన్నా చప్పుడు లేదు. లైను పొడవునా రాయమల్లు కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. "సప్పుడు చెయ్యకుండ్రి! లోపల పిల్లలు సదువుకుంటున్రు, మా హీరో ఇజ్జత్ తియ్యకుండ్రి."

రాంచందర్ కారు దిగి తలుపు వైపు నడవబోతే కర్ర అడ్డం వచ్చింది.

"సార్, లైన్ల రాండ్రి."

"నేను ఆఫీసర్నయ్యా!"

"గందుకే లైన్ల రమ్మంటున్న. మీరే రాకపోతే ఇంకెవలొస్తరు?"

ఆయన నవ్వాపుకుంటూ లైన్లో నిలబడ్డాడు. ముందున్నవాళ్ళు ఏది బాగుంటుందో చెబుతుంటే వింటూ వింటూ బల్ల దగ్గరికొచ్చేసరికి చొక్కా చెమటతో తడిసింది. అల్మారాలో మూడు షిఫ్టుల వరసలనూ ఒక్కొక్కటిగా చూశాడు. కుర్చీల మాట ఆయన నోటి నుంచి రాలేదు.

"పొద్దున పదింటికి పోయి సాయంత్రం ఐదింటికి వచ్చేటోణ్ణి. నేను ఏ షిఫ్టు కిందికి వస్తనమ్మా?"

"జనరల్ షిఫ్టు సార్. అదింక పెట్టలే."

"ఎందుకు పెట్టలే?"

"డిస్కులున్నయి సార్, ఇంట్ల ఇంకో రెండు డబ్బాలున్నయి. అల్మారానే లేదు."

లైనంతా ఆయన ముఖంలోకి చూసింది. రాయమల్లు కర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. రాంచందర్ ఫోన్ తీసి ఎవరికో చేశాడు. "కుర్చీలు వరండాల వేయించుండ్రి, పైన రేకులు కొట్టిచ్చి. ఆ, ఇంకొకటి. నస్పూర్‌కు ఒక అల్మారా పంపుండ్రి. పెద్దది."

మంగళవారం ఆ అల్మారా వచ్చింది. నలుగురు గని కార్మికులు దాన్ని పెళ్ళి పల్లకిలా మోసుకొచ్చి పాతదాని పక్కన దించారు. హుస్నా ఇంటి నుంచి అబ్బా డబ్బాలు తెచ్చి విప్పింది. మొదటి డిస్కును కొంగుతో తుడిచి, పై అరలో నిలబెట్టింది.