జొన్నరొట్టెంత బొమ్మ

నాకు గీత వచ్చు, రాత రాదు. హుజూరాబాద్‌లో పదిహేనేళ్లు బోర్డులు రాసి బతికినవాణ్ణి ఈ మాటంటే నవ్వుతారు. కానీ బోర్డు మీద రాసేది ఎవరో చెప్పిన మాట, పరీక్షలో రాసేది మనకు తెలిసిన మాట. ఆ రెండోది నా దగ్గర తక్కువ. కిరాణా దుకాణాలకు పేర్లు రాస్తూ, ట్రాక్టర్ ట్రాలీల వెనక నెమళ్లు వేస్తూ హాయిగా ఉన్న రోజుల్లో ఫ్లెక్సీలు వచ్చి నన్ను కూడా చుట్టి పక్కన పెట్టాయి. అప్పుడు దూరవిద్యలో చిత్రకళ డిగ్రీ కట్టాను. దూరవిద్య అంటే విద్య మనకు దూరంగా ఉండడమని తర్వాత తెలిసింది. అన్ని పేపర్లూ గట్టెక్కాయి గానీ కళాచరిత్ర ఒక్కటి మిగిలిపోయింది. మూడుసార్లు రాసి మూడుసార్లు తప్పాను. చరిత్రలో తప్పడమే నా చరిత్ర అయింది.

ఎట్లాగైనా ఆ డిగ్రీ పూర్తవుతుందన్న నమ్మకం మీద ఉట్నూర్ దగ్గరి ఒక ఆశ్రమ పాఠశాలలో నన్ను డ్రాయింగ్ మాస్టారుగా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. రెండో ఏడు మొదట్లో హెడ్మాస్టరు పిలిచి, ఈసారి పాసైన కాగితం చూపకపోతే వచ్చే జూన్‌లో నా కుర్చీలో ఇంకొకరుంటారని మెత్తగా చెప్పారు. నిజానికి నాకు ఇచ్చింది కుర్చీ కాదు, స్టూలు. అయినా నా బతుకుదెరువు దాని మీదే. యాభైకి దగ్గర పడ్డవాణ్ణి మళ్లీ హుజూరాబాద్ వెళ్లి ఏ గోడ మీద రాయాలి?

నా దగ్గరున్న గైడులో ప్రపంచ కళాఖండాలన్నీ వేలిముద్రలంత, వేలిముద్రలంత నల్లగా ఉండేవి. అందుకని బడిలో చేరిన మొదటి ఏడే ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. తెలుగులో ‘చిత్ర చరిత్ర’ అని కొడితే కొత్త చిత్రం ఎన్ని థియేటర్లలో ఆడుతున్నదో చెప్పింది. ఇంగ్లీషులో అడిగితే పాఠాలు కుప్పలుగా వచ్చాయి గానీ, చెప్పేవాళ్లు మన ఎక్స్‌ప్రెస్ బస్సుల్లాగా నా స్టేజీ దగ్గర ఆగేవాళ్లు కాదు. అయితే ఆ వెతుకులాటలోనే మ్యూజియముల సైట్లు దొరికాయి. ఊరు అడగరు, పేరు అడగరు, పైసా అడగరు. బొమ్మ మీద రెండు వేళ్లు పెట్టి విప్పితే రంగులో కుంచె వెంట్రుక చేసిన గీత కూడా కనబడుతుంది. వేలిముద్రల్లో చదువుకున్నవాడికి ఒక్కసారిగా ముఖాలు కనబడ్డట్టయింది.

బడిలో సిగ్నల్ ఒక్క చోటే వచ్చేది. వంటగది వెనక, వాడని రుబ్బురోలు మీద కూర్చుంటే. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక అక్కడ చేరేవాణ్ణి. మహారాష్ట్ర దగ్గర కాబట్టి ఫోను నన్ను ఆ వైపువాడనుకుందేమో, ఒకరోజు తనంతట తానే మరాఠీలో కళాచరిత్ర పాఠాలు తెచ్చి పెట్టింది. ఎవరో రిటైరైన అయ్యవారు. తొందర లేకుండా, ఒక్కొక్క బొమ్మ దగ్గర నిలబడి, మనవడికి జాతర చూపించినట్టు చెప్తున్నాడు. నాకు మరాఠీ రాదు. అయినా ఆ గొంతు బాగుందని వింటూ కూర్చున్నాను.

మా వంటక్క అక్కడే గోనెసంచి మీద కూర్చుని కూర తుంచుతున్నది. ఆమె పుట్టిల్లు పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో. చదువు మరాఠీలో నాలుగో తరగతి. కాసేపు విని, నా వైపు చూసింది.

“సార్, గీయన మస్తు మంచిగ చెప్తుండు. మీరు తలకాయ ఊపుతున్నరు గని, సమజైతున్నదా?”

“అయితలేదక్కా.”

“మరెందుకు ఊపుతున్నరు?”

“చదువుకునేటప్పటిసంది అలవాటు.”

ఆమె నవ్వి, పాఠం మొదటికి తిప్పమన్నది. ఆ రోజు నుంచి నా కళాచరిత్రకు తోటకూర, గోంగూర వాసన పట్టింది. అయ్యవారు రెండు మాటలు చెప్పగానే నేను ఆపేవాణ్ణి, ఆమె తెలుగులో చెప్పేది, నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. కొన్నిసార్లు అయ్యవారు చెప్పనివి కూడా చెప్పేది. అజంతా గుహల్లో రాతి గోడకు ముందు మట్టిలో వరిపొట్టు కలిపి మెత్తారని పాఠంలో వచ్చింది. ఎందుకు కలిపారో ఆయన చెప్పలేదు. అది అందరికీ తెలిసిందేనన్నట్టు ముందుకు పోయాడు. నాకు తెలియదు. వంటక్కకు తెలుసు. ఉత్త మట్టి అయితే ఎండి బీటలు వారుతుందట, పొట్టు దాన్ని పట్టి ఉంచుతుందట. వాళ్ల అవ్వ ఇల్లు అలికేముందు గోడలకు పెట్టింది అదేనట. గైడును మూడుసార్లు బట్టీ పట్టినవాణ్ణి, ఆ ముక్క దగ్గర కలం ఆపి ఆమె చేతులను చూస్తూ ఉండిపోయాను.

ఇక నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. అంతకుముందు ఏడు, బడికి తనిఖీకి పెద్దసార్లు వస్తున్నారంటే, భోజనశాల గోడ నిండా ఒక పాతకాలపు రాజాస్థానపు బొమ్మను చూసి వేశాను. మేఘాలు, ఏనుగు, మేడ మీద రాణి. పది అడుగుల పొడుగు. అసలు బొమ్మ కూడా ఇంతే ఉంటుందని వచ్చిన సార్లకు, పిల్లలకు, హెడ్మాస్టరుకు ధీమాగా చెప్పాను. ఫోనులో ఎంత లాగినా సాగుతూనే ఉన్న బొమ్మ చిన్నదని ఎవరనుకుంటారు? ఆ మాటే మూడో పరీక్షలో కూడా రాసి వచ్చాను.

ఒక మధ్యాహ్నం మ్యూజియం సైటులో అదే బొమ్మ తెరిచాను. వంటక్క గుర్తుపట్టింది.

“గిది మన గోడ మీదిదే గద. అసలుది ఎంతుంటది సార్?”

గోడంత అని నోటిదాకా వచ్చింది. ఎందుకో బొమ్మ కింద చూశాను. అన్ని బొమ్మల కిందా సన్నటి అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ఇన్ని నెలలు దాన్ని బస్సు టికెట్టు వెనక రాతలాగా వదిలేశాను. ఇరవై సెంటీమీటర్లు ఎత్తు, పదమూడు వెడల్పు అని ఉన్నది. నా చేతి వేళ్లు చాచి చూపించాను. ఆమె కాసేపు నా చేతులను, తర్వాత భోజనశాల వైపు చూసింది.

“అంటే జొన్నరొట్టె మీద వట్టేదాన్ని మీరు గోడంత జేసిన్రు.”

“అట్లనే అయింది.”

“నయం, వంట మీకు జెప్పలే.”

తర్వాతి పాఠంలో అయ్యవారు కూడా అదే చెప్పాడు. ఆ బొమ్మలు గోడకు వేలాడదీసేవి కావు, గుడ్డలో చుట్టి దాచుకునేవి, ఒకరే ఒళ్లో పెట్టుకుని చూసుకునేవి. వంటక్క ఆ మాట నాకు చెప్పి, ఆగి, తన సొంత మాట ఒకటి కలిపింది. “పెద్ద బొమ్మైతే దాని ముందల మనిషి నిలవడుతడు. గిసొంటిదైతే మనిషే వంగాలె.”

మరునాడు గోడ మీది బొమ్మ పక్కన ‘అసలు కొలత’ అని ఒక చిన్న దీర్ఘచతురస్రం గీశాను. పిల్లలు నోటుబుక్కులు తెచ్చి దాని మీద ఆనించి చూసి, తమ పుస్తకమే పెద్దదని తేల్చారు. హెడ్మాస్టరు చూసి గబగబా ఆఫీసు గదికి పోయారు. అసలుదీ గోడంతేనన్న మాట ఆయన కూడా ఇద్దరు ముగ్గురు అతిథులకు చెప్పి ఉన్నారు.

అప్పటి నుంచి ఏ బొమ్మ తెరిచినా మాకు మొదట కొలతే. నా బోర్డుల కాలంనాటి టేపు తీసేవాణ్ణి, వంటక్క ముగ్గుపిండితో పెరట్లో గీతలు పోసేది. ఒక యూరప్ బొమ్మకు పెరడు చాలక గీత బట్టలారేసే తీగె దాటి పోయింది. దాని మధ్యలో నిలబడి ఆమె, దీనికి రంగే ఎన్ని బకెట్లు పట్టిందో అని ఫికర్ పడింది. అప్పుడు నాకు ఆ సన్నటి వరుస రాసినవాళ్లు గుర్తొచ్చారు. ఎక్కడో ఒక దేశంలో ఎవరో బొమ్మను గోడ నుంచి దింపి, టేపు పట్టి కొలిచి, ఉట్నూర్‌లో రుబ్బురోలు మీద కూర్చున్నవాడి కోసం రాసి పెట్టారు. ఆ మరాఠీ అయ్యవారికీ నేనెవరో తెలియదు. ఇంతమంది ముఖం తెలియని గురువులు నాకు ఒక్క ఫీజూ లేకుండా దొరికారు. ముఖం తెలిసిన గురువు మాత్రం నా చేతికిచ్చిన కూర సరిగ్గా తుంచలేదని రోజూ తిట్టేది.

పరీక్ష కరీంనగర్‌లో. తెల్లారగానే బస్సెక్కి లక్సెట్టిపేట మీదుగా పోతుంటే గోదావరి వచ్చింది. నది ఇన్నిసార్లు దాటినవాణ్ణి, పేపరు దాటలేనా అని ధైర్యం చెప్పుకున్నాను. రాతపరీక్షలో మట్టి, వరిపొట్టు సంగతి రెండు పేజీలు రాశాను. మర్నాడు మౌఖిక పరీక్ష. ఒక పెద్దావిడ నా ముందు ఒక అచ్చుకాగితం పెట్టింది. పెద్ద కాగితం నిండా పాతకాలపు వేటబొమ్మ. ఇందులో మొదట ఏం గమనించాలి అని అడిగింది. గైడు ప్రకారమైతే గుర్రాలు, రంగులు, రాజు తలపాగా చెప్పాలి. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“ఇది ఇంత పెద్దగ ఉండదు మేడం. చేతుల పట్టుకొని, వంగి చూసే బొమ్మ.”

“ఎంతుంటుంది?”

“జొన్నరొట్టెంత.”

ఆవిడ కలం కింద పెట్టింది. ఈ కొలత ఏ పుస్తకంలో ఉందని అడిగింది. మా బడిలో వంట చేసే అక్క చెప్పిందన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమె ఇంకా ఏమేం చెప్పిందో అడిగింది. ఐదు నిమిషాల పరీక్ష చాలాసేపు నడిచింది. బయట నా తర్వాతివాళ్లు నన్ను లోపల ఏదో చేస్తున్నారని భయపడ్డారట.

ఫలితం జూన్‌లో, బడి తెరిచిన వారానికి వచ్చింది. గొప్పగా చెప్పుకునేన్ని మార్కులు రాలేదు, దాచుకునేంత తక్కువా రాలేదు. హెడ్మాస్టరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాంట్రాక్టు ఫారం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టి, ఇంటికి కూడా ఫోను చేయకుండా నేరుగా వంటగదికి పోయాను.

పాసైన మాట చెప్తే వంటక్క చీర కొంగుకు చేయి తుడుచుకుని కాగితం తీసుకుంది. తెలుగు చదవడం ఆమెకు కష్టం, అంకెలు మాత్రం చూసింది. సంతోషపడింది. తర్వాత కాగితం మడిచి ఇస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

“ఇగ మధ్యాహ్నం రారు గావచ్చు.”

పరీక్ష అయిపోయింది గదా అనబోయి, ఆగాను. అయిపోయింది నాకు, ఆమెకు కాదు.

“వస్తనక్కా. ఇంకా ఎన్ని పాఠాలున్నయో.”

“పద్నాలుగు,” అన్నది వెంటనే. “ఎండాకాలం అవ్వగారింట్ల ఉండి బిడ్డ ఫోన్ల ఆరు ఇన్న. మీరే వెనకవడ్డరు.”

గంప పక్కన గోనెసంచి ఇంకొకటి పరిచి, బచ్చలికూర సగం నా వైపు నెట్టింది. ముదురు కాడలు తీసెయ్యమని చెప్పి, ఆ ఆరింటిలో మొదటి పాఠం చెప్పడం మొదలుపెట్టింది.